ఇంటి దగ్గర చదువు – ఏది పుస్తకంతో వస్తుంది, ఏది రోగి మంచం పక్కనే వస్తుంది?



పదవ తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే వేసవి నెలల్లో మన ఓ.పి. వరండాలో జబ్బులతో సంబంధం లేని ప్రశ్నలు కూడా చాలా వినిపిస్తాయి. బి.పి. చూపించుకోవడానికి వచ్చిన తల్లి చీటీ నర్సమ్మ చేతికి ఇస్తూ, "అమ్మా, మా పాప ఇంటర్ అయ్యింది. ఇంటి దగ్గర ఉండి నర్సింగు చదివే కోర్సు ఉందంటున్నారు, కట్టమంటారా?" అని అడుగుతుంది. "పది తప్పి పదిహేనేళ్ళయ్యింది, ఇప్పుడు రాయనిస్తారా?" అని ఇంకొకరు. "డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, పెళ్ళయ్యింది, ఇద్దరు పిల్లలు. మళ్ళీ మొదలుపెట్టవచ్చా?" అని మరొకరు.

ఆరోగ్య పత్రికలో చదువుల సంగతి ఎందుకు అని మీరు అనుకోవచ్చు. రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, తల్లి చదువు పెరిగేకొద్దీ పసిపిల్లల మరణాలు తగ్గుతాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు పదేపదే చూపించాయి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మీద రాసింది చదివి కలిపి తాగించగల తల్లి ఆ ఇంటికి మొదటి వైద్యురాలు. రెండవది, రేపు మీకు సూది వేసే చెయ్యి, మీ రక్తం గ్రూపు చూసే కన్ను ఎక్కడ, ఎలా నేర్చుకున్నాయన్నది మీ ప్రాణానికి సంబంధించిన విషయం. అందుకే దూరవిద్యలోని రకాలను, ఏది ఎవరికి పనికి వస్తుందో, ఏది ఎవరికీ పనికి రాదో ఈ సంచికలో వివరంగా చెప్పదలచుకున్నాము.

దూరవిద్య కొత్తది కాదు

ఉత్తరం ద్వారా నేర్పడం మన సంఘాలకు తెలియనిది కాదు. అపొస్తలుడైన పౌలు తాను వెళ్ళలేని ఊళ్ళకు పత్రికలు రాశాడు. కొలొస్సయివారికి రాసిన పత్రికను లవొదికయ సంఘంలో కూడా చదివించమని, అక్కడి పత్రికను వీరు చదవమని చెప్పాడు. ఒక పాఠం, చాలా చోట్ల చదివేవారు, దూరంగా ఉన్న బోధకుడు. దూరవిద్య అంటే ఇదే. మన ఇళ్ళలో పెద్దవారు చాలామంది పోస్టులో వచ్చే బైబిలు పాఠాలు చదివి, జవాబులు రాసి పంపి, సర్టిఫికెట్టు తెచ్చుకున్నవారే.

అయితే మన ప్రాంతంలో కళాశాల చదువు దగ్గర ఉండి చదివేదిగానే మొదలయ్యింది. సి.ఎం.ఎస్. మిషనరీ రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో బందరులో పాఠశాల తెరిచారు. అదే నేటి నోబుల్ కళాశాల. అక్కడ చదవాలంటే బందరు చేరాలి. ఊరు విడిచి వెళ్ళలేని ఆడపిల్లకు, పొలం విడిచి వెళ్ళలేని రైతు కొడుకుకు ఆ మెట్టు ఎక్కడం కష్టంగానే ఉండేది.

ఆ దూరం తగ్గడానికి చాలా కాలం పట్టింది. మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పోస్టు ద్వారా డిగ్రీ పాఠాలు మొదలుపెట్టింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో కరస్పాండెన్స్ కోర్సుల విభాగం ప్రారంభించింది. 1982 ఆగస్టులో, భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో, హైదరాబాదులో ఏర్పడింది. మొదటి వైస్ ఛాన్సలర్ ఆచార్య జి. రామిరెడ్డి గారు. ఆనాడు ఇంటర్ లేనివారు కూడా ఒక ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగేవారు. అదే 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అయ్యింది. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మనమందరం ఇగ్నో అని పిలిచేది ఏర్పడినప్పుడు, దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా కూడా రామిరెడ్డి గారినే పిలిచారు. దేశమంతటికీ దారి చూపిన ప్రయోగం తెలుగు నేల మీద జరిగిందని మనం సంతోషంగా చెప్పుకోవచ్చు.

ఎన్ని రకాలు?

"దూరవిద్య" అనే ఒక్క మాట కింద నాలుగు వేరు వేరు సంగతులు ఉన్నాయి. వీటిని కలగలిపి మాట్లాడటం వల్లనే చాలామంది మోసపోతున్నారు.

1. ఓపెన్ స్కూలు: పదవ తరగతి, ఇంటర్ ఆగిపోయినవారి కోసం. మన రాష్ట్రంలో 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠం (ఏ.పి. ఓపెన్ స్కూల్) ఈ పని చేస్తున్నది. కేంద్ర ప్రభుత్వం వైపు నుండి 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూలు (ఎన్.ఐ.ఓ.ఎస్.) ఉంది. మన రాష్ట్ర ఓపెన్ స్కూలులో పదవ తరగతికి 14 ఏళ్ళు, ఇంటర్‌కు 15 ఏళ్ళు నిండి ఉండాలి. పై వయసుకు హద్దు లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ళపాటు రిజిస్ట్రేషను ఉంటుంది. అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే రాయనవసరం లేదు, వీలున్నవి ముందు, మిగతావి తర్వాత రాయవచ్చు. తెలుగు మాధ్యమం ఉంది.

2. దూరవిద్య డిగ్రీ: బి.ఏ., బి.కాం., ఎం.ఏ. వంటివి. పుస్తకాలు ఇంటికి వస్తాయి, లేదా ఫోనులో దించుకోవచ్చు. ఒక కళాశాలలో స్టడీ సెంటరు ఉంటుంది. సెలవు రోజుల్లో అక్కడ అధ్యాపకులు సందేహాలు తీరుస్తారు. ఇగ్నో విషయం తీసుకుంటే, ఎక్కువ కోర్సుల్లో ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం మార్కులు. జనవరిలోను, జులైలోను చేరికలు. జూన్‌లోను, డిసెంబరులోను పరీక్షలు. మూడేళ్ళ బి.ఏ.ను ఆరేళ్ళ వరకు సాగదీసుకుని పూర్తి చేయవచ్చు. ఇప్పుడు డిగ్రీలో చేరాలంటే ఇంటర్ గానీ దానికి సమానమైనది గానీ ఉండాలి. మన జిల్లావారికి దగ్గరలోని ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విజయవాడలో ఉంది.

3. ఆన్‌లైన్ చదువు: పాఠాలు, అసైన్‌మెంట్లు అన్నీ కంప్యూటరు, ఫోను ద్వారానే. పూర్తి డిగ్రీలు కూడా ఇలా ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇవి కాక, 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన "స్వయం" వేదికలో విడివిడి కోర్సులు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్టు కావాలంటే మాత్రం రుసుము కట్టి, నిర్ణయించిన కేంద్రానికి వెళ్ళి పరీక్ష రాయాలి.

4. మిశ్రమ విద్య: దీన్నే బ్లెండెడ్ అంటున్నారు. కొంత భాగం ఇంట్లో, కొంత భాగం తరగతిలో గానీ ఆసుపత్రిలో గానీ. 2021లో వచ్చిన యు.జి.సి. నిబంధనల ప్రకారం మామూలు కళాశాల విద్యార్థి కూడా ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు "స్వయం" ద్వారా చదివి ఆ క్రెడిట్లు తన డిగ్రీలో కలుపుకోవచ్చు, అతని కళాశాల అందుకు ఒప్పుకుంటే. 2020లో కరోనా వచ్చి తరగతులు మూతపడినప్పుడు ఈ పద్ధతి అన్ని ఇళ్ళకూ పరిచయమయ్యింది.

మరి నర్సింగు?

ఇక ఎక్కువమంది అడిగే ప్రశ్నకు వద్దాము. ఇంటర్ అయిన అమ్మాయి ఇంట్లో కూర్చుని, పోస్టు ద్వారా గానీ ఫోను ద్వారా గానీ చదివి నర్సు కాగలదా?

కాలేదు. ఏ.ఎన్.ఎం. రెండేళ్ళు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ళు. ఈ మూడూ గుర్తింపు ఉన్న పాఠశాలలో, కళాశాలలో చేరి, ఆసుపత్రి వార్డుల్లో పని చేస్తూ నేర్చుకోవలసినవే. ఆ తర్వాత రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు కావాలి. ఆ నమోదు లేనిదే ఆమె చట్టప్రకారం నర్సు కాదు. యు.జి.సి. దూరవిద్యలో ఇవ్వకూడదని నిషేధించిన చదువుల జాబితాలో వైద్యం, దంతవైద్యం, నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం మొదలైనవి ఉన్నాయి.

2025 ఆగస్టులో యు.జి.సి. ఈ కంచెను ఇంకా బిగించింది. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే చదువులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వకూడదని, 2025 జులై–ఆగస్టు నుండి కొత్తగా ఎవరినీ చేర్చుకోకూడదని ఆదేశించింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, ఆహార పోషణ శాస్త్రం, బయోటెక్నాలజీ, క్లినికల్ న్యూట్రిషన్ వంటివి ఇందులో ఉన్నాయి. కాబట్టి రెండేళ్ళ కిందట పక్కింటి అమ్మాయి చేరింది కదా అని ఈ రోజు మీరు డబ్బు కట్టకండి.

ఎందుకింత గట్టిగా?

ఇది కాగితాల పట్టుదల అని కొందరు అనుకుంటారు. కాదు. వార్డులో రోజూ చూసేవాళ్ళం గనుక కారణాలు చెబుతాము.

పిర్రకు సూది వేసేటప్పుడు ఎక్కడ వేయాలో పుస్తకంలో బొమ్మ ఉంటుంది. కానీ బక్కచిక్కిన ముసలివారి శరీరంలో, చంటిబిడ్డ శరీరంలో ఆ చోటు చేతితో తడిమి కనుక్కోవాలి. తప్పిన సూది కాలికి వెళ్ళే పెద్ద నరానికి తగిలితే పాదం చచ్చుబడి, ఈడుస్తూ నడవవలసి వస్తుంది. ఒకసారి వాడిన సూది మళ్ళీ వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. ఒకరి నుండి ఒకరికి పాకుతాయి. రక్తం గ్రూపు తప్పుగా చూసి ఎక్కిస్తే ప్రాణమే పోవచ్చు. కాన్పు తర్వాత తల్లికి రక్తం ఎక్కువగా పోతున్నదని గుర్తించడానికి ముందు మామూలు కాన్పులు ఎన్నో కళ్ళారా చూసి ఉండాలి. ఇవన్నీ ఒక పెద్ద నర్సు పక్కన నిలబడి, ఆమె చూస్తుండగా చేసి, తప్పు చేసేలోపు ఆమె చెయ్యి పట్టుకుని ఆపితే వచ్చే విద్యలు. ఈత పుస్తకంలో నేర్చుకుని కృష్ణలో దిగగలమా?

కొన్నేళ్ళ కిందట ఒక అమ్మాయి ఉద్యోగం కోసం మన ఆసుపత్రికి వచ్చింది. చేతిలో రంగురంగుల సర్టిఫికెట్టు ఉంది. దూరవిద్యలో నర్సింగు డిప్లొమా అని రాసి ఉంది. తల్లి గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కట్టారు. ఆ కాగితంతో కౌన్సిలులో పేరు నమోదు కాదని చెప్పవలసి వచ్చినప్పుడు మాకూ బాధ కలిగింది. ఆమె తెలివైనది, సేవాభావం ఉన్నది. తర్వాత మళ్ళీ మొదటి నుండి ఏ.ఎన్.ఎం.లో చేరింది. పోయినవి ఒక గొలుసు, రెండు సంవత్సరాలు. ఆ నష్టం మీ ఇంట్లో ఎవరికీ కలగకూడదనే ఈ మాటలు రాస్తున్నాము.

అయితే దారి లేదా? ఉంది

పదవ తరగతిలో ఆగిపోయిన అమ్మాయి నర్సు కావాలనుకుంటే ఓపెన్ స్కూలులో ఇంటర్ పూర్తి చేయవచ్చు. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్ళ ఇంటర్‌ను నర్సింగు చేరికలకు నర్సింగు కౌన్సిలు అంగీకరిస్తుంది. అయితే బి.ఎస్సీ. నర్సింగుకు భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు తప్పనిసరి. కాబట్టి ఓపెన్ ఇంటర్‌లో సబ్జెక్టులు ఎంచుకునే రోజునే ఈ సంగతి ఆలోచించుకోవాలి. ఆ తర్వాత రెగ్యులర్‌గా చేరాలి. దూరవిద్య గుమ్మం దాకా తీసుకుని వస్తుంది, లోపలికి మాత్రం మన కాళ్ళతోనే నడవాలి.

అంగన్‌వాడీ, ఆశా వంటి ఉద్యోగాలకు కూడా పదవ తరగతో, ఇంటరో అడుగుతారు. తెలివి ఉండీ, ఊరంతా తెలిసి ఉండీ, కాగితం లేక వెనుకబడిన మన సహోదరీలకు ఓపెన్ స్కూలు నిజమైన ద్వారం.

ఇప్పటికే నర్సులు, వైద్యులు అయినవారి సంగతి వేరు. వారి చేతులకు పని వచ్చు. వారికి కావలసింది కొత్త జ్ఞానం. ఇక్కడే మిశ్రమ విద్య తన విలువ చూపిస్తుంది. మూడు ఉదాహరణలు చెబుతాము.

ఇగ్నో 1994లో జి.ఎన్.ఎం. చేసి ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగు మొదలుపెట్టింది. పుస్తకాలు ఇంట్లో చదివినా, ప్రాక్టికల్స్ మాత్రం నిర్ణయించిన నర్సింగు కళాశాలలోను, ఆసుపత్రిలోను చేయవలసిందే.

రెండవది మన గ్రామాలకు దగ్గరగా ఉన్నది. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టినప్పుడు, వాటిని నడపడానికి నర్సులను తయారు చేయవలసి వచ్చింది. అందుకు ఇగ్నో ద్వారా ఆరు నెలల సామాజిక ఆరోగ్య సర్టిఫికెట్టు కోర్సు నడిపించారు. అందులో చేరినవారు అప్పటికే నర్సులు. పాఠాలతోపాటు ఆసుపత్రుల్లో ప్రాక్టికల్ శిక్షణ కూడా పొందారు. ఊళ్ళోనే బి.పి., షుగరు చూసి మందులిచ్చే పని వారికి అప్పగించారు.

మూడవది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల. 1900లో ఐడా స్కడర్ దొరసాని గారు మొదలుపెట్టిన ఆ సేవ ఎంత పెరిగినా, దూరపు చిన్న ఆసుపత్రుల్లో ఒంటరిగా పనిచేసే వైద్యులకు పై చదువు అందడం లేదని అక్కడి పెద్దలు గ్రహించారు. 2006లో ఎం.బి.బి.ఎస్. వైద్యుల కోసం కుటుంబ వైద్యంలో రెండేళ్ళ పి.జి. డిప్లొమాను మిశ్రమ పద్ధతిలో ప్రారంభించారు. వైద్యుడు తన ఊళ్ళోనే రోగులను చూసుకుంటూ పాఠాలు చదువుతాడు. వీడియో ద్వారా పెద్ద వైద్యుల మాటలు వింటాడు. కొన్ని రోజులు శిక్షణ కేంద్రానికి వెళ్ళి ప్రత్యక్షంగా నేర్చుకుంటాడు. అనవసరంగా రోగిని పట్నానికి పంపకుండా ఊళ్ళోనే ఎక్కువ జబ్బులు నయం చేయాలన్నది ఆ చదువు ఉద్దేశం.

ఈ మూడింటిలో ఒక్క సంగతి గమనించండి. ఎక్కడా రోగిని వదిలిపెట్టి పుస్తకం ఒక్కటే ఇవ్వలేదు.

డబ్బు కట్టే ముందు

ఏ కోర్సు అయినా సరే, ఈ క్రింది సంగతులు చూసుకోకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

– ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యు.జి.సి. దూరవిద్యా విభాగం అనుమతి ఉన్నదా? ఈ మూడూ విడివిడిగా చూడాలి. విశ్వవిద్యాలయం మంచిదే కావచ్చు, ఆ కోర్సుకు అనుమతి లేకపోవచ్చు. ఈ జాబితా యు.జి.సి. వెబ్‌సైటులో ఉంటుంది. మీకు చూడటం రాకపోతే చదువుకునే పిల్లలతో చూపించండి.

– 2024 సెప్టెంబరు నుండి దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరే విద్యార్థి యు.జి.సి. పోర్టల్‌లో తన పేరు మీద డి.ఇ.బి. ఐ.డి. అనే నంబరు తీసుకోవాలి. ఆ నంబరు ఊసే ఎత్తకుండా చేర్చుకుంటామని ఎవరైనా అంటే అనుమానించండి.

– మీ ఊళ్ళో బోర్డు పెట్టిన వ్యక్తి విశ్వవిద్యాలయం మనిషా, మధ్యవర్తా? ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టండి, రసీదు తీసుకోండి. "పరీక్ష మేమే రాయిస్తాము", "ఒక్క ఏడాదిలో డిగ్రీ" అన్నవారి గుమ్మం దిగి వచ్చేయండి.

– 2014లో రాష్ట్ర విభజన తర్వాత అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలంగాణకు చెందినది. పాత విద్యార్థులు, కొత్తగా చేరదలచినవారు మన జిల్లా స్టడీ సెంటర్ల పరిస్థితి నేరుగా విశ్వవిద్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి.

– నర్సింగు, ల్యాబ్ టెక్నీషియను వంటి చదువులైతే కౌన్సిలు లేక పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో చూడండి. బోధించే ఆసుపత్రి పేరు అడగండి. ఆసుపత్రి లేని చోట ఆ చదువు లేదు.

అనుమతి లేని చదువు ఎంత నష్టం చేస్తుందో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చూపించింది. సరైన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీల విషయంలో, 2001 నుండి 2005 వరకు చేరినవారి డిగ్రీలను కోర్టు నిలిపివేసి మళ్ళీ పరీక్ష రాయమన్నది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. ఉద్యోగాల్లో స్థిరపడి, పిల్లలున్నవారు మళ్ళీ పరీక్ష హాలులో కూర్చోవలసి వచ్చింది.

అలాగని భయపడి వెనక్కి తగ్గవద్దు. సరైన అనుమతితో పొందిన దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ మామూలు కళాశాల డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యు.జి.సి. స్పష్టంగా ప్రకటించింది. ఆ కాగితానికి విలువ ఉంది, మీ కష్టానికీ విలువ ఉంది.

చదివేవారి ఆరోగ్యం

పగలంతా పని చేసి రాత్రి చదివేవారికి మన వైద్యులు చెప్పే నాలుగు మాటలు కూడా వినండి.

నిద్ర తగ్గించుకుని చదవడం కంటే, రాత్రి త్వరగా పడుకుని తెల్లవారుజామున గంటన్నర చదవడం మేలు. నిద్రలోనే మెదడు చదివినదాన్ని పదిలపరుస్తుంది. ఫోనులో చదివేవారు ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి తల ఎత్తి దూరంగా ఉన్న చెట్టునో, గోపురాన్నో చూడండి, కళ్ళు ఆర్పండి. నలభై దాటినవారికి దగ్గరి అక్షరాలు మసకబారడం సహజం. చదువు రావడం లేదని అనుకునేముందు కంటి పరీక్ష చేయించుకోండి, అద్దాలతో తీరిపోవచ్చు. మంచం మీద వంగి కూర్చుని చదివితే మెడ, నడుము పట్టేస్తాయి. ఒక పీట, గోడకు ఆనుకునే చోటు చాలు. షుగరు ఉన్నవారు చదువు ధ్యాసలో భోజనం, మందు వేళ తప్పించవద్దు. నిద్ర రాకుండా టీ మీద టీ తాగడం మంచిది కాదు.

మన పామిడిముక్కల వైపు ఇంకో ఇబ్బంది ఉంది. జూన్ పరీక్షల నాటికి నారుమళ్ళ పనులు మొదలవుతాయి. డిసెంబరు పరీక్షలు సరిగ్గా వరి కోతల్లో పడతాయి. కనుక అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే కట్టేసి, ఏదీ రాయలేక నిరాశపడవద్దు. ఒక్కో విడతకు రెండో మూడో పెట్టుకోండి. గడువు ఉన్నది అందుకే.

సంఘంగా మనం ఏమి చేయగలం?

దూరవిద్యలో చేరేవారి కంటే మధ్యలో మానేసేవారి బాధ మాకు ఎక్కువగా కనబడుతున్నది. మానేయడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. అడిగేవారు, పక్కన కూర్చునేవారు లేకపోవడం. ఇంట్లో ఒక్కటే ఫోను, అది భర్త జేబులో ఉంటుంది. పుస్తకం తీస్తే పిల్లవాడు ఏడుస్తాడు. ఈ వయసులో చదువేమిటని పొరుగువారు నవ్వుతారు.

ప్రతి సంఘంలో రిటైరైన ఉపాధ్యాయులు ఒకరిద్దరు ఉంటారు. వారంలో రెండు సాయంత్రాలు మందిరంలో దీపం వేసి, చదువుకునేవారిని కూర్చోబెట్టవచ్చు. స్త్రీల సమాజంవారు ఆ గంటసేపు చంటిపిల్లలను చూసుకోవచ్చు. స్టడీ సెంటరు తరగతులు ఆదివారమే పడితే, ఉదయం తొలి ఆరాధనకు వచ్చి వెళ్ళమని పాస్టరుగారు ప్రోత్సహించవచ్చు. ఉయ్యూరు, గుడివాడ, బందరు కళాశాలలకు వెళ్ళే మన యువకులు అక్కడ ఏ ఏ స్టడీ సెంటర్లు ఉన్నాయో కనుక్కుని వచ్చి సంఘంలో ప్రకటించవచ్చు. భర్తలకు మా మనవి ఒక్కటే. ఆ గంటసేపు ఫోను ఆమె చేతికి ఇవ్వండి.

ఓపెన్ స్కూలులో గానీ, నర్సింగులో గానీ చేరే విషయమై సందేహాలు ఉన్నవారు, చేతికి వచ్చిన ప్రకటన కాగితం పట్టుకుని, డబ్బు కట్టక ముందే మన ఆసుపత్రి నర్సింగు సూపరింటెండెంటు గారిని కలవండి. చూసి చెప్పడానికి రుసుము ఏమీ లేదు.

పౌలు భక్తుడు చెరసాలలో, జీవితపు చివరి రోజుల్లో, తిమోతికి రాస్తూ తన అంగీతోపాటు పుస్తకాలు కూడా తీసుకుని రమ్మని అడిగాడు. చలికి బట్ట ఎంత అవసరమో, ఆ వయసులో ఆయనకు పుస్తకమూ అంతే అవసరమయ్యింది. మీలో ఎవరూ, ఏ వయసువారైనా, ఇక నాకు చదువెందుకు అనుకోవద్దు. సరైన ద్వారం ఏదో కనుక్కుని ధైర్యంగా తట్టండి. ప్రభువు మీ ప్రయాసను దీవించును గాక.